మంచాన పడ్డ రోజుకు ఖరీదెంత?
(ఆగస్టు 31 విముక్త దినం సందర్భంగా అల్లవరంలో మన యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

ఏటా ఈ రోజున మన ఎరుకల పెద్దల కష్టాలు, మన భాష, మన చదువులు, రిజర్వేషన్ల గురించి మాట్లాడుకుంటూ వస్తున్నాం. అవన్నీ మాట్లాడుకోవాల్సినవే. ఈసారి మాత్రం ఒక లెక్క గురించి చెప్పాలనుకున్నాం. ఆర్థికశాస్త్రంలో ఆరోగ్యానికి సంబంధించిన ఒక విభాగం ఉంది. జబ్బు వల్ల పోయిన పనికి విలువ కట్టడం అందులో ఒక పాఠం. పేరు వింటే పెద్ద చదువులా అనిపిస్తుంది గానీ, అందులోని సరుకంతా మన పేటలోనే, మన గుమ్మాల్లోనే ఉంది. కాసేపు ఓపిక పట్టండి.

మన ఇళ్లలో ఎవరికైనా జబ్బు చేసి తగ్గాక పలకరించడానికి వెళ్తాం. "ఎంతయింది?" అని అడుగుతాం. "ఆరొందలయిందండీ" అంటారు. సూదికి, మందులకు, ఆటోకు కలిపి ఆరొందలు. ఆ మాటతో లెక్క అయిపోయిందనుకుని లేచి వచ్చేస్తాం. నిజానికి లెక్క అప్పుడే మొదలవుతుంది.

ఒక ఇంటిని ఊహించుకుందాం. ఎవరి ఇల్లూ కాదు, అందరి ఇల్లూ అనుకోండి. భర్త కొబ్బరి దింపుకు వెళ్తాడు. ఒంట్లో బాగుంటే రోజు మీద 500 రూపాయలు పడతాయి. భార్య బుట్టలు, చాటలు అల్లుతుంది. వెదురు ఖర్చు పోగా రోజుకు 300 మిగులుతాయి. ఒకనాటి సాయంత్రం అతనికి వణుకుతో జ్వరం వచ్చింది. గజ్జలో బిళ్ల కట్టింది, కాలు వాచింది. నాలుగు రోజులు మంచం దిగలేదు. ఇప్పుడు రాయండి.

అతని కూలి నాలుగు రోజులు పోయింది. 4 ఐదొందలు, 2,000.

ఆమె ఒక రోజంతా అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లి కూర్చుంది. మిగతా మూడు రోజులు గంజి కాచి, తడిగుడ్డ వేసి, మధ్యమధ్య అల్లింది. సగం పనే అయింది. ఒక రోజు 300, మూడు సగం రోజులు 450. మొత్తం 750.

ఐదో రోజు అతను పనికి వెళ్లాడు. వెళ్లాడన్న మాటే గానీ, కాలు నొప్పితో రోజూ ఎక్కే చెట్లలో సగం కూడా ఎక్కలేకపోయాడు. దింపు కూలి చెట్టుకింత అని కదా. అలా ఐదు రోజులు సగం డబ్బులే వచ్చాయి. పోయింది 1,250.

కూడండి. 2,000, 750, 1,250 కలిపితే 4,000. ఆసుపత్రి ఖర్చు 600. మొత్తం నష్టం 4,600. అందులో ఆసుపత్రి ఖర్చు ఏడో వంతు కూడా లేదు. మనం పలకరించి వచ్చింది ఆ ఏడో వంతునే. మిగతా ఆరు వంతులు ఎవరి నోటా రాలేదు, ఏ కాగితం మీదా ఎక్కలేదు.

ఆ డబ్బు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి, నెలకు 138 రూపాయలు వడ్డీకే పోతుంది. ఇంట్లో పిల్లవాడు రెండు రోజులు బడి మానేసి వెదురు దబ్బలు చీల్చాడనుకోండి, దానికి ఈ లెక్కలో గడే లేదు. ఈ అంకెలు మేము ఉదాహరణకు వేసుకున్నవి. మీ ఇంటి అంకెలు మీరు వేసుకోండి. ఎవరు వేసుకున్నా ఆసుపత్రి చీటీ కన్నా మంచాన పడ్డ రోజులే ఎక్కువ తూగుతాయని మా అనుభవం.

ఇప్పుడు ఆ చదువు సంగతి. పని నష్టాన్ని ఆ చదువులో మూడు చోట్ల వెతుకుతారు. ఒకటి, పనికి అసలు పోలేని రోజులు. రెండు, పనికి పోయినా సాగని రోజులు. మూడు, జీతం రాని పని, అంటే వండటం, నీళ్లు తేవడం, పిల్లల్ని చూడటం, రోగికి సేవ చేయడం. మొదటిది అందరి కంటికీ కనబడుతుంది. రెండోది చేసేవాడికే తెలుస్తుంది. మూడోది చేసే ఆడవాళ్లకు కూడా అలవాటైపోయి కనబడదు.

రెండోదాన్ని కొలవొచ్చా? కొలిచారు. 1996లో దక్షిణ భారతంలోని ఒక చేనేత గ్రామం మీద పరిశోధన ఒకటి అచ్చయింది. బోదకాలు జబ్బున్న మగ నేతగాళ్లు ఎంత బట్ట నేస్తున్నారు, జబ్బు లేనివాళ్లు ఎంత నేస్తున్నారు అని చూశారు. జబ్బున్నవాళ్లు నేసిన బట్ట సుమారు 27 శాతం తక్కువగా తేలింది. వాళ్లు పని మానలేదు, మగ్గం ముందు కూర్చునే ఉన్నారు. హాజరు పట్టీ చూస్తే నష్టం సున్నా. బట్ట కొలిస్తే నాలుగో వంతుకు పైగా నష్టం. మగ్గం బదులు బుట్ట అనుకోండి. కాళ్లు మడిచి గంటల తరబడి కూర్చుని అల్లే మన పెద్దమ్మల సంగతి మీకే అర్థమవుతుంది.

బోదకాలు మాటే ఎందుకు ఎత్తామంటే, అది మన కోనసీమ గుమ్మంలో ఉన్న జబ్బు గనుక. తూర్పు గోదావరి ఉమ్మడి జిల్లాగా ఉన్నప్పటి నుంచీ ఇది బోదకాలు ఉన్న జిల్లాల జాబితాలో ఉంది. మురుగు నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని మోస్తుంది. సన్నటి పురుగులు ఒంట్లో చేరి ఏళ్ల తరబడి ఉంటాయి. వాటి పిల్లలు రాత్రిపూట రక్తంలో తిరుగుతాయి. అందుకే ఆరోగ్య సిబ్బంది రాత్రి వేళ వచ్చి వేలి మీద గుచ్చి రక్తం తీసుకుంటారు. "పగలు రాకుండా రాత్రేంటండీ" అని మనవాళ్లు విసుక్కుంటారు. కారణం అదీ.

పుదుచ్చేరిలోని కేంద్ర పరిశోధన సంస్థ వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌కు చెందిన కె.డి. రామయ్య గారు, ఆయన సహచరులు 2000 సంవత్సరంలో ఒక లెక్క ప్రచురించారు. దక్షిణాది పల్లెల్లో రోగులు మందులకు ఎంత పెట్టారు, ఎన్ని పని దినాలు పోగొట్టుకున్నారు అని చూసి, దాన్నుంచి దేశం మొత్తానికి అంచనా కట్టారు. వైద్యం ఖర్చూ పోయిన పనీ కలిపితే ఏడాదికి 100 కోట్ల డాలర్లకు దగ్గరగా తేలింది. ఈ జబ్బుతో మనిషి చప్పున చచ్చిపోడు. అందుకని చాలాకాలం దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పోయిన పనిని లెక్క కట్టాకే అది ఎంత పెద్ద జబ్బో కాగితం మీదికి వచ్చింది. 2004 నుంచి దేశంలో ఏటా ఇంటింటికీ మాత్రలు పంచే కార్యక్రమం పెద్ద ఎత్తున సాగుతోంది. 2027 నాటికి ఈ జబ్బును లేకుండా చేయాలని దేశం గడువు పెట్టుకుంది. ఇలాంటి నిర్ణయాల వెనక ఇలాంటి లెక్కల బలం ఉంటుంది.

తమ్ముళ్లూ, ఇక్కడ ఒక మాట. ఆ మాత్రలు ఇచ్చినప్పుడు "తర్వాత వేసుకుంటాం" అని గూట్లో పెట్టేసేది ఎక్కువగా మీ వయసు వాళ్లే. సిబ్బంది ఎదురుగా మింగండి. గర్భిణులకు, రెండేళ్ల లోపు పిల్లలకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లకు ఇవ్వరు, మిగతా అందరూ వేసుకోవాలి. ఇప్పటికే కాలు వాచినవాళ్లు ఇంట్లో ఉంటే, రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల మధ్య తడి లేకుండా తుడిచి, కాలు ఎత్తుగా పెట్టుకోమనండి. జ్వరం తిరగబెట్టడం తగ్గుతుంది. అంటే పైన లెక్క కట్టామే, ఆ 4,600 మళ్లీ మళ్లీ పోకుండా ఉంటుంది.

ఇక అసలు చిక్కు. పోయిన రోజులు లెక్కపెట్టడం సులువే. ఒక్కో రోజుకు ఎంత ఖరీదు కట్టాలి? ఇక్కడే పండితులు రెండు దారులు పట్టారు.

మొదటి దారి పేరు హ్యూమన్ క్యాపిటల్ పద్ధతి. మనిషి జబ్బు పడకపోతే ఎంత సంపాదించేవాడో అదే నష్టం. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో విలియం పెట్టీ అనే ఆయన మనుషుల శ్రమకు ఇలా విలువ కట్టాడు. 1966లో అమెరికాలో డొరొతీ రైస్ అనే ఆవిడ జబ్బుల ఖర్చు లెక్కించడానికి ఒక క్రమ పద్ధతి ఏర్పరిచారు. మన దేశంలో 1923లో వచ్చిన కార్మికుల నష్టపరిహార చట్టం నడిచిందీ ఈ దారిలోనే. పనిలో చనిపోయిన కార్మికుడి నెల జీతంలో సగం తీసుకుని, వయసును బట్టి ఒక అంకెతో హెచ్చవేస్తారు. 30 ఏళ్ల వాడికి ఆ అంకె 207.98. నెలకు 15,000 జీతం అనుకుంటే సగం 7,500. హెచ్చవేస్తే 15,59,850 రూపాయలు. వయసు పెరిగేకొద్దీ ఆ అంకె తగ్గిపోతుంది, మిగిలిన పని సంవత్సరాలు తగ్గుతాయి గనుక.

ఈ పద్ధతి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ మన వైపు నుంచి చూడండి. ఆ పరిహారం అందాలంటే ఒక యజమాని ఉండాలి. బుట్టలు అల్లుకుని సంతలో అమ్ముకునేవాడికి, పందులు మేపుకునేవాడికి యజమాని ఎవరు? రెండోది ఇంకా పెద్ద చిక్కు. ఆఫీసులో పని చేసే ఆయన రోజు 3,000, మన బుట్టల పెద్దమ్మ రోజు 300 అని రాస్తే, ఒకే జ్వరానికి ఆయన నష్టం పది రెట్లవుతుంది. ఆ లెక్క పట్టుకుని ఏ జబ్బుకు డబ్బు పెట్టాలో నిర్ణయిస్తే, ఎప్పుడూ ఆయన జబ్బే ముందు వరసలో ఉంటుంది. తరతరాలుగా మనకు కూలి తక్కువ ఇచ్చారు, ఆ తక్కువ కూలినే సాక్ష్యంగా చూపించి మన ఆరోగ్యం విలువ తక్కువ అని తేలుస్తారు. ఈ అన్యాయం ఆ శాస్త్రం తెలిసినవాళ్లకూ తెలుసు. అందుకే చాలామంది అందరికీ ఒకే సగటు కూలి వేయాలంటారు. మేమూ అదే అంటాం.

రెండో దారి నెదర్లాండ్స్ పరిశోధకులు 1990లలో చూపించారు. దాని పేరు ఫ్రిక్షన్ కాస్ట్ పద్ధతి. ఒక మనిషి పని మానేస్తే ఆ చోటు ఎన్నాళ్లు ఖాళీగా ఉంటుంది? కొత్త మనిషి వచ్చి కుదురుకునేదాకానే నష్టం, ఆ తర్వాత సమాజానికి నష్టం లేదు అంటారు. వాళ్ల కంపెనీలకు అది సరిపోవచ్చు. మన కూలి అడ్డా దగ్గర చూడండి. ఈ రోజు మీ నాన్న రాకపోతే మేస్త్రీ పక్కవాడిని బండెక్కించుకుంటాడు. ఖాళీ పది నిమిషాలు కూడా ఉండదు. ఆ లెక్కన నష్టం సున్నా. మీ ఇంట్లో మాత్రం ఆ పూట పొయ్యి వెలగాలా వద్దా అన్న సంగతి. కాబట్టి ఏ లెక్క చూసినా ముందు ఒక ప్రశ్న అడగండి. ఇది ఎవరి నష్టం? కంపెనీదా, ప్రభుత్వానిదా, ఇంటిదా? చదువుకున్న మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

చెల్లెళ్లూ, ఇప్పుడు మీ సంగతి. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా జనం రోజులో సమయం ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. దాదాపు ఐదు గంటలకు గంటన్నర. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాదం కేసులో తీర్పు చెబుతూ, ఇంటి పని చూసుకునే గృహిణికి కూడా ఆదాయం ఉన్నట్టు లెక్క కట్టి పరిహారం ఇవ్వాలంది. మన ఉమ్మడి కృష్ణా జిల్లా పొన్నవరానికి చెందిన జస్టిస్ ఎన్.వి. రమణ గారు ఆ తీర్పులో విడిగా తన అభిప్రాయం రాస్తూ ఈ సర్వే అంకెలనే ప్రస్తావించారు. అంకె కాగితం మీద ఉంది కాబట్టి న్యాయమూర్తి కలం కిందికి వచ్చింది. ఎవరూ కొలవకపోయి ఉంటే "ఆవిడ ఏమీ చేయదు, ఇంట్లోనే ఉంటుంది" అన్న మాటే మిగిలేది.

పోయిన రోజుకు ప్రభుత్వం డబ్బు ఇవ్వడం జరిగే పనేనా అని మీకు అనుమానం రావచ్చు. మన రాష్ట్రంలోనే జరిగింది. 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా పేరుతో ఒక పథకం మొదలైంది. ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు కోలుకునే కాలంలో రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000కు మించకుండా ఇవ్వాలన్నది నియమం. లెక్క చూస్తే నెలకు 22 రోజుల పని అన్నమాట. 225 ఎక్కువా తక్కువా అని వాదించొచ్చు. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలే రోజుకు 300 ఉంది. అయినా ఒక సూత్రం అక్కడ ఒప్పుకున్నారు. మందు ఉచితంగా ఇస్తే సరిపోదు, మంచాన ఉన్న రోజులకూ ఖరీదుందని. గర్భిణులకు ఇచ్చే ప్రధానమంత్రి మాతృ వందన యోజన 2017లో మొదలైంది. మొదటి కాన్పుకు ఇచ్చే 5,000 రూపాయలు కూలి నష్టానికి కొంత పరిహారమని దాని నియమాల్లోనే ఉంది. పక్కింటి వదిన కడుపుతో ఉండి కూలికి వెళ్తుంటే, ఈ సంగతి ఆమెకు చెప్పాల్సింది మీరే.

గిరిజనులు అనగానే అందరికీ మన్యం కొండలే గుర్తొస్తాయి. కొబ్బరి తోటల మధ్య, కాలవ గట్ల మీద, ఊరి చివర ఉండే మనం గుర్తుకు రాం. మనది ఏజెన్సీ కాదు. ఊరి లెక్కల్లో నాలుగైదు గడపలుగా కలిసిపోతాం. మన సంగతి విడిగా ఎవరో వచ్చి రాస్తారని ఎదురు చూస్తే తరం గడిచిపోతుంది. అందుకని మిమ్మల్ని ఒక పని అడుగుతున్నాం.

ప్రతి ఇంటికీ ఒక నోటు పుస్తకం. ఒక్క ఏడాది. చదువుకున్న ఒక్కొక్కరు ఐదు ఇళ్లు చూసుకోండి. ఆదివారం ఆదివారం వెళ్లి అడిగి రాయండి. ఆరు గడులు చాలు. ఎవరికి జబ్బు. ఎన్ని రోజులు పూర్తిగా పని పోయింది. ఎన్ని రోజులు పనికి వెళ్లినా సాగలేదు, మామూలు పనిలో ఎంత అయింది. ఇంట్లో ఇంకెవరి పని ఆగింది. పిల్లలు బడి ఎన్ని రోజులు మానేశారు. చేతి నుంచి ఎంత ఖర్చయింది, ఎంత అప్పు తెచ్చారు.

రాసేటప్పుడు నాలుగు జాగ్రత్తలు. మొదటిది, ఉన్నదే రాయండి. నష్టం పెద్దదిగా కనబడాలని పది రోజులను ఇరవై చేస్తే, ఒక్క తప్పు బయటపడగానే మొత్తం పుస్తకాన్ని పక్కన పడేస్తారు. రెండోది, ఒకే నష్టాన్ని రెండుసార్లు రాయొద్దు. కూలి పోయింది కాబట్టి అప్పు చేసి బియ్యం కొన్నారు. కూలి రాశాక బియ్యం ఖర్చు మళ్లీ రాయకూడదు, అప్పు మీద వడ్డీ రాయొచ్చు. మూడోది, అన్న బదులు తమ్ముడు వెళ్లి ఆ పని చేసి డబ్బు తెస్తే అది తీసేయండి. కానీ తమ్ముడు తన పని మానుకుని వెళ్తే, ఆ పోయింది రాయండి. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే రాయండి. పేర్లు బయటికి చెప్పొద్దు. జబ్బు సంగతి రచ్చబండ మీద మాట్లాడేది కాదు, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో.

ఏడాది తర్వాత ఆ అంకెలన్నీ కూడి, రోజుకు ఉపాధి హామీ కూలి చొప్పున అందరికీ ఒకే ఖరీదు కడదాం. మగవాడికో లెక్క, ఆడదానికో లెక్క వద్దు. దింపు చేసేవాడికో రేటు, చీపుర్లు కట్టే ముసలమ్మకో రేటు వద్దు. ఆ కాగితం పట్టుకుని పంచాయతీకి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అమలాపురంలో కలెక్టరు గారి దగ్గరికి వెళ్దాం. "మా పేట పక్కన మురుగు కాలవ పూడిక తీయండి" అని ఇన్నాళ్లూ అర్జీ పెట్టాం. ఇక మీదట "ఈ కాలవ వల్ల మా పేటకు ఏడాదిలో ఇన్ని పని దినాలు పోయాయి, ఇదిగో పుస్తకం" అని చెబుదాం.

చివరగా ఈ రోజు గురించి. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు రాజధానికి తెచ్చాక మన ఎరుకల కుటుంబాలు దాని కిందికి వచ్చాయి. పేరు రిజిస్టరులో ఎక్కితే చాలు, చెప్పిన వేళకు వెళ్లి హాజరు వేయించుకోవాలి. చెప్పకుండా ఊరు దాటకూడదు. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. అందుకే ఈ రోజును విముక్త దినం అంటున్నాం. హాజరు కోసం నిలబడిన ఆ గంటల్లో మన తాతలు, ముత్తాతలు ఎన్ని బుట్టలు అల్లేవారో, ఎన్ని సంతలకు వెళ్లేవారో ఎవరూ లెక్క కట్టలేదు. వాళ్ల పేర్లు రాసుకున్నారు, వేలిముద్రలు తీసుకున్నారు. వాళ్ల నష్టం మాత్రం ఎక్కడా రాయలేదు.

మన గురించి వేరేవాళ్లు రాసిన రిజిస్టరు అది. ఇప్పుడు మనం రాయబోయేది మన చేత్తో మన ఇళ్ల గురించి. మన నాయనమ్మలు ఊరూరా తిరిగి చెయ్యి చూసి ఎరుక చెప్పేవారు. వచ్చేది చెప్పడం వాళ్ల విద్య. జరిగింది జరిగినట్టు రాసి చూపించడం మీ విద్య కావాలి.

పుస్తకాలు, పెన్నులు బయట బల్ల మీద ఉన్నాయి. అన్నం తిని వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకెళ్లండి. మొదటి పేజీ మీ ఇంటితోనే మొదలుపెట్టండి. రాత్రికి అమ్మ పక్కన కూర్చుని అడగండి. "అమ్మా, ఈ ఏడాది ఎన్ని రోజులు ఒంట్లో బాగోకపోయినా పని చేశావు?" ఆమె నవ్వేసి తప్పించుకుంటుంది. మీరు మళ్లీ అడగండి.